ఆ దినం గాలి లేదు

మల్ల మొదటికెల్లి చెప్పాల్నా? చెప్త. రాసుకోండ్రి సార్. అన్యాయమైంది మా తమ్ముడు ఐలేశానికి. ఎన్నడంటే, మొన్న గడిచిన మాఘ పున్నమి నాడు, మంగళారం, జనవరి ముప్పై ఒకటో తారీఖు, పొద్దు వాలినంక. చేసిందెవరంటే, మీ కొత్తరేవు జెట్టీ మీద కావలి ఉండే నాంచారయ్య. ఇంకేం గావాలె?

ఇదంత అర్జీల లేదా ఏంది? ఉన్నది. మూడు పేజీలు రాసిన. మీ సంచిల కనవడుతనే ఉన్నది, నీలం సిరాతోటి. ఆ రాత నాదే. దేవరకొండ కచేరిల గుమస్తాలు ఆ రాత జూసి, మీ వాడల చదువుకున్న మొగాయన ఎవరున్నడమ్మా అని అడుగుతరు. ఎవ్వరు లేరయ్యా, గొర్ల పెంట ఎత్తే గుర్వమ్మ ఉన్నదంటే నవ్వుతరు. నవ్వనీ. నవ్వుకుంటనే అర్జీ తీసుకుంటరు గదా.

మంచం మీద సక్కగ కూసోండ్రి. నులక జర వదులైంది, కింద వడరులే. సల్ల తాగుండ్రి. బందరు కాడికెల్లి రెండు బస్సులు మారి, ఈ ఎండల మా కురుమవాడకు వస్తిరి. ఎందుకొచ్చిండ్రో నాకెరుకే. ఇయ్యాల నేను ఈ కాగితం మీద మల్ల సంతకం చేస్తె నాంచారయ్య నౌకరి ఇగ ఎన్నటికి రాదు. చెయ్యకపోతే మల్ల కొలువుల ఎక్కుతడు. అంతే గదా? నాలుగు నెల్ల సంది ఇంటికాడ కూసున్నడంటిరి. కూసోనీయుండ్రి. మా తమ్ముడు మట్టిల పండలేదా?

ఏ జానమ్మా, నువ్వెందుకు గడప కాడ నిలవడ్డవ్? సారు నాతోటి మాట్లాడుతుండు. గొర్లకు తొట్టిల నీళ్లు పొయ్యిపో. పో.

మా మరదలు సార్. ఐలేశం పెండ్లాం. ఆమెను గూడ అడుగుతరా? ఎందుకు? ఆమె సముద్రం జూసిందా? చంటిపిల్లతోని ఇంటికాడ ఉండె. నిన్న మిరుగం కార్తె వచ్చింది, ఊరంత చేపల కూర వండుకున్నరు. మా ఇంట్ల జానమ్మ పచ్చి పులుసు జేసి పిల్లలకు పెట్టింది. చేపల వాసన గూడ పడతలేదు ఆమెకు. ఆమెను ఇడిసిపెట్టుండ్రి. ఆమెకు ఎరుకైందల్ల నేను చెప్పిందే.

అడిగేది నన్ను అడుగుండ్రి.

అర్జీల మూడు మాటలు రాసిన. చదువుండ్రి. ఒకటి, ఆ యాల కావలికాడు జెట్టీ మీద లేడు. రెండు, ఆయన తాగి ఉండె. మూడు, సీటీ ఊదలేదు, కేక ఎయ్యలేదు.

ఏంది? లేనోడు తాగి ఉన్నడని మీకెట్ల తెలిసిందమ్మా, అంటరా?

అబ్బ! ఏం తెలివి సార్ మీది! సర్కారు ఊకెనే కుర్చీ ఇయ్యలేదు మీకు. అర్జీ అంటే గట్లనే ఉంటది. ఒక దెబ్బ తప్పినా ఇంకో దెబ్బ తాకాలె. పట్వారి మీద రాసినా గిట్లనే రాసిన, బోరింగు ఏపిస్తనని ఎగ్గొట్టిన కాంట్రాక్టరు మీద రాసినా గిట్లనే రాసిన. ఇన్నేండ్లల్ల ఒక్కరు ఈ మాట అడగలే. మీరే మొదలు.

కింద పద్దెనిమిది ఏలిముద్రలు ఉన్నయి. మా తోటి బస్సుల వచ్చినోళ్లయే. కండ్లార చూసిండ్రా అంటే... వాళ్లు దీపస్తంభం చూడవోయిండ్రు. మా గ్రామసేవక్ కృష్ణయ్య తోలుకపోయిండు అందర్ని. చూడలే. చూడలేదు సార్, రాసుకోండ్రి, నాకేం భయం? గుర్వమ్మ రాసింది గదా అని ఏలు ముంచిండ్రు. నేను రాసిందంటే ఈ సుట్టుపక్కల ఊర్లల్ల అంతే. చదివి వినిపియ్యి అని గూడ అడగరు.

సరే, ఆ దినం సంగతి వరుసగ చెప్త. నడిమిట్ల అడ్డం రాకుండ్రి.

బ్లాకాఫీసోళ్లు రైతులకు దేశం చూపిస్తమన్నరు. సాగర్ కాడ కడుతున్న డ్యాము, బెజవాడల బ్యారేజి, ఆ మీదికెల్లి సముద్రం. ఊరికి ఇద్దరు. మహిళా మండలి తరఫున నన్ను రాసుకున్నరు. రెండో పేరు ఐలేశంది నేనే రాయించిన. వాడు రానన్నడు. ఈనే గొర్లున్నయి అక్కా, మంద ఇడిసి యాడికొస్త అన్నడు. ఒరే, ఇరవై ఎనిమిదేండ్లొచ్చినయి, దేవరకొండ ఖిల్లా అవతల ఏమున్నదో ఎరుకనా నీకు, అని నేనే గుంజుకపోయిన.

వాడు నాకు ఉత్త తమ్ముడు గాదు సార్. నా అచ్చరాలు వానియే. మా బాపు వాణ్ని బడికి తోలిండు. వాడు రెండేండ్లు పోయి, పంతులు బెత్తానికి భయపడి గొర్ల ఎనుక ఉరికిండు. పలక ఇంట్ల మిగిలింది. వాని పలక మీద నేను దిద్దిన. నాకు తెలువని అచ్చరం వాడు గుట్ట మీద కర్రతోటి దుమ్ముల గీసి చూపించెటోడు. పందొమ్మిదేండ్లకు నా మొగడు పోయి నేను పుట్టింటికి తిరిగొస్తె, ఊరంత ఏడ్చింది, వాడు ఒక్కడే దేవరకొండ నడిచిపోయి లైబ్రరీల పుస్తకం అడుక్కొచ్చిండు. ఇగ చదువుకో అక్కా, నిన్నెవ్వలు ఆపుతరు, అన్నడు. ఆ లైబ్రరీ బీరువాల ఉన్న పుస్తకాలన్ని నేను చదివిన. కొన్ని రెండుసార్లు.

బస్సుల అందరికి పాఠం చదివి వినిపించిన. సముద్రం పాఠం, భూగోళం పుస్తకంలది. ఏమున్నది దాంట్ల అంటే... సముద్రం ఎందుకు ఉప్పుగుంటది, ముత్యాలు యాడ దొరుకుతయి. గసుంటియి. అన్ని యాదికి లెవ్వు.

సముద్రం కాడ బస్సు దిగంగనే వాడు చెప్పులు ఇడిసి ఉరికిండు. దోసిట్ల నీళ్లు పట్టి నోట్ల పోసుకున్నడు. థూ అని ఉమ్మి, ఎనుకకు మల్లి నవ్విండు. "అక్కా, అంత ఉప్పే! మన మందను ఈడికి తోలుకొస్తె ఏడాదికి సరిపోను నాకుతయి!" అన్నడు. ఆ నవ్వు చూసి కృష్ణయ్య గూడ నవ్విండు. అందరు దీపస్తంభం దిక్కు పోయిండ్రు. మేమిద్దరం జెట్టీ దిక్కు పోయినం. ఎందుకంటే అక్కడ జనం చేపలు పడుతుండ్రు. వానికి చేపలంటే పాణం.

జెట్టీ అంటే నాకు అప్పటిదాక ఎరుక లేదు. నేను చదివిన పుస్తకాలల్ల లేకపాయె. ఒడ్డుకెల్లి సముద్రంలకు మొద్దులు పాతి, పలకలు పరిచి, వంతెన కట్టుకుంట పోయి నడిమిట్ల ఇడిసిపెట్టిండ్రు. అవతలి ఒడ్డు లేదు. ఐలేశం చూసి, "కాంట్రాక్టరు సగం కట్టి పరారైనట్టుండు అక్కా, నువ్వొక అర్జీ పెట్టు" అన్నడు.

అప్పుడు ఒంటిగంట అయితాంది. ఈ మాట గుర్తుంచుకోండ్రి సార్. ఒంటిగంట. మా ఎనుక దుకాణంల గడియారం కొట్టింది.

ఒక ముసలాయన మంచోడు, చేతిల ఉన్న గాలం మా వానికిచ్చిండు. వాడు కూసున్నడు. గాలం పట్టుడు వానికి ఏమెరుక? మా చెరువుల గాలంతోని ఎవడు కూసుంటడు? దారం సుట్టుకపాయె, ఎర కింద రాలిపాయె. పక్కపొంటి కూసున్నోళ్లు చూసి మురుస్తుండ్రు. అండ్ల ఒక తెల్ల పంచె పెద్దమనిషి ఉన్నడు. "ఏవోయ్, కంబళి కప్పుకుని సముద్రానికొచ్చావ్, నీ గొర్రెలేవీ?" అన్నడు. అందరు పకపక నవ్విండ్రు.

మా వాడు గూడ నవ్విండు. వానికి రోషం రాదు. నాకొచ్చింది. "గొర్లు ఈడ్నే ఉన్నయి గదా అయ్యా, గాలాలు పట్టుకొని వరుసగ కూసున్నయి" అన్న.

ముసలాయన ఒక్కడు నవ్విండు. పంచె ఆయన మొఖం మాడిపాయె. "ఏం భాషమ్మా అది, నైజాం నించా?" అన్నడు. "తెలుగేనయ్యా, మీకు తెలువని తెలుగు" అన్న. నేను ఊకుంటనా? ఊకోను. ఊకుంటె బాగుండు.

గప్పుడే నీళ్లు పోవుడు మొదలైంది.

మొదలైంది అంటే, నేను అప్పుడు చూసిన. జెట్టీ మొద్దులు తడి తడిగ ఇంతెత్తు బయట వడ్డయి. ఒడ్డుకెల్లి నీళ్లు ఎనుకకు, ఎనుకకు. జర సేపట్ల కింద నల్లటి ఒండ్రు తేలింది. అండ్ల గుంటలు. గుంటలల్ల చేపలు ఎగురుతున్నయి సార్, తళతళ.

ఐలేశం గాలం కింద వెట్టి లేచిండు. వాని కండ్లు మీరు చూడాల్సింది.

మీరు సముద్రమోళ్లు, మీకు తెలువది. మా దిక్కు చెరువు ఎట్లుంటదో చెప్త. ఎండకాలం నీళ్లు దినాం ఒక మూర గుంజుతయి. ఆఖరుకు నడిమిట్ల మడుగంత మిగులుతది. ముదిరాజులు వాళ్ల వలలు ఏసి, వాళ్ల వంతు తీసుకొని గట్టెక్కుతరు. అప్పుడు మిగిలింది ఊరందరిది. ఆడోళ్లు, మొగోళ్లు, పిల్లలు, అందరు ఆ బురదల దిగుతరు. చేతులతోటి పట్టుడే. కొర్రమట్ట ఏ గుంటల ఏ మూలకు ఒదుగుతదో, ఏలు యాడ పెడితె జారకుంట చిక్కుతదో, ఆ పని ఐలేశానికి వచ్చినట్టు మా ఊర్ల ఎవ్వరికి రాదు. ఇంకో మాట. మా చెరువుల నీళ్లు పోయినయంటే పోయినయే. మల్ల వానలు దంచి, వాగులొచ్చి, అలుగు దుంకెదాక రావు. బురదల దిగినోడు ఎనుకకు చూసుడు మా దిక్కు లేదు. ఎందుకు చూడాలె? ఏమొస్తదని?

దిగుమన్నదెవరా? వాడే దిగిండు. నిచ్చెన ఉండె, దిగిండు.

"దిగాల్నా అక్కా" అన్నడు. "దిగు" అన్న. అనకూడదా? రాసుకోండ్రి, అన్న.

మోకాలు లోతు బురద. మొదాలు ఒక కాలువ అసుంటిది దాటిండు, అండ్ల పిక్కలదాక నీళ్లు. దాని అవతల గుంటలు. ఒంగి, రెండు చేతులు సూది లెక్క పెట్టి లోపలికి ఇడిసిండు. ఒకటి తీసిండు. మోచెయ్యంత. గొంగడి కొసల ఏసి ముడిసిండు. ఇంకోటి. ఇంకోటి. జెట్టీ మీద గాలాలోళ్లంత లేచి నిలవడ్డరు. నేను మీదికెల్లి ఒర్రుతున్న, ఎడమ దిక్కురా, ఆ పెద్ద గుంట, ఇంక ముందలికి, ఇంక ముందలికి అని. పంచె ఆయన "భలేవాడే!" అన్నడు సార్. నన్ను చూసి అన్నడు. "మీ వాడు భలేవాడమ్మా!" ఆ మాటతోటి నాకు కాలు నేల మీద ఆనలే. ఇగ చూడుండ్రి, నైజామోళ్లు ఏం చేస్తరో చూడుండ్రి, అనుకున్న.

పక్కకు చూస్తె నాంచారయ్య. బక్క మనిషి, ఖాకీ నిక్కరు, మెడల సీటీ.

...

ఆ. ఉండె. మీరేం కలం ఆపనక్కర లేదు. జెట్టీ మీదనే ఉండె. మొదటి మాట కొట్టెయ్యుండ్రి. అండ్ల గీత గీసి పక్కపొంటి నా పేరు రాయుండ్రి.

తాగి ఉన్నడా అంటే, చెప్పిన గదా, అర్జీ అంటే రెండు దిక్కుల నుంచి కొట్టాలె. వాసన రాలే. నాకు మూరెడు దూరంల నిలవడ్డడు, వస్తె నాకు రాకపోవునా? కల్లు వాసన నాకు తెలువదా? రాలే. అది గూడ కొట్టెయ్యుండ్రి. ఇగ ఒక్కటే మిగిలింది, మూడోది. దాన్ని నేను కొట్టెయ్యనియ్య. ఆయన చెప్పలే. సీటీ ఊదలే. కేక ఎయ్యలే. మేం నైజాం దిక్కోళ్లం, గుట్టలల్ల బతికేటోళ్లం, మాకు సముద్రం గుణం ఏమెరుక? చెప్పాల్సింది ఎవరు? జీతం దేనికిస్తుండ్రు ఆయనకు?

గట్ల చూడకుండ్రి నన్ను.

నీళ్లు ఎట్లొచ్చినయో చెప్త. ముందలికెల్లి వస్తె వాడు చూడకపోవునా? చూసెటోడే. సముద్రం దిక్కే మొఖం పెట్టి ఉండె. ఎనుకకెల్లి వచ్చినయి సార్. వాడు దాటి పోయిండు సూడు, ఆ కాలువ, అది నిండింది మొదాలు. సప్పుడు లేదు. నేను మీదున్నదాన్ని, నాకే కనవడలే. చూసెవరకు కాలువ ఏరైంది. వాడు నడిమిట్ల దీవి మీద ఉన్నట్టు అయిండు. అప్పుడు ఒర్రిన. వాడు మల్లి చూసి, జర నవ్విండు గూడ. రెండు పెద్ద అంగలేసి కాలువల అడుగువెట్టిండు. నడుముదాక. ఇంకో అడుగు. బురద కాలు ఇడుస్తలేదు. బావిల మస్తుగ ఈత కొట్టెటోడు, గని కాళ్లు భూమిల ఉంటె ఈత ఏం జేస్తది? భుజం మీద గొంగడి, గొంగడిల చేపలు. తడిసిన గొంగడి ఎంత బరువుంటదో మీకు తెలువది. ఇడిసిపెట్టురా, ఇడిసిపెట్టు అని నేను ఒర్రుతున్న. ఇడుస్తలేడు. అది మా బాపు గొంగడి. అండ్ల వాడు పట్టిన చేపలు, ఊర్ల అందరికి చూపియ్యాలె.

నాంచారయ్య దుంకిండు.

అర్జీల నేను అది రాయలే. నడుముకు తాడు కట్టుకొని జెట్టీ మీదికెల్లి దుంకిండు. ముసలాయన తాడు పట్టుకున్నడు. పంచె ఆయన గూడ పట్టిండు, అబద్ధమెందుకు. మూడు సార్లు మునిగిండు. మూడోసారి మా వాణ్ని ఎంటికలు వట్టి తెచ్చిండు. పలకల మీద ఏసి, బోర్ల తిప్పి, వీపు మీద ఒత్తిండు, ఒత్తిండు, ఒత్తిండు. దీపస్తంభం కాడికెల్లి మా వాళ్లు ఉరికొచ్చిండ్రు. దవాఖాన దాక పోనే లేదు. ఆయనే లేచి, నా దిక్కు చూసి, అడ్డంగ తలూపిండు. ఆయన మోకాళ్లకు నత్తగుల్లలు గీరుకొని నెత్తురు కారుతాంది. అది నాకిప్పుడు యాదికొస్తాంది. అప్పుడు కనవడలే. అప్పుడు నాకు గొంగడి ముడి ఒక్కటే కనవడ్డది, ఊడలే అది.

దుంకితె ఏమాయె? చెప్పాల్సినప్పుడు చెప్పక, పాణం పోయినంక దుంకితె ఏమాయె? ఏం సార్?

ఏంది ఆ కాగితం? ఆయన ఇచ్చిన వాంగ్మూలమా? మేం బయానంటం. ఇంతసేపు అది సంచిల పెట్టుకొని నాతోటి ఒర్రిపిచ్చిండ్రా? ఇటియ్యుండ్రి. మీరు చదువుడు వద్దు. నాకు చదువుడు వస్తది.

అంత దీంట్లనే ఉంటది, నాకెరుకే. నేను ఏమన్ననో అంత చెప్పే ఉంటడు. నన్ను బజార్ల నిలవెట్టే ఉంటడు. కానీయుండ్రి, నేను భయపడుతున్ననా?

"...ఆ రోజు గాలి హోరుగా ఉన్నందువలన నా కేకలు, ఈల శబ్దము వారికి వినపడి ఉండకపోవచ్చును. వారు దూరప్రాంతము వారు. ఆమెపై నాకు ఏ విధమైన కోపము లేదు. ఇంతకు మించి చెప్పవలసినది లేదు."

కింద ఏలిముద్ర.

ఇంతేనా? ఇంకో పేజీ లేదా?

ఇది ఆయనే చెప్పిండా, మీరెవరన్న చెప్పిచ్చిండ్రా? మీరు రాసుకున్నప్పుడు ఆయన మొఖం ఎట్లుండె? వినపడలేదేమో అంటే, వినవడే దూరం పోయి చెప్పకపోవుడు ఆయన తప్పే అయితది గదా? ఆ మాటతోటి నౌకరి పోతదని ఆయనకు తెలువదా? చెప్పిండ్రా మీరు? చెప్పినా గిదే రాయుమన్నడా?

జర నీళ్లు... వద్దు. ఉండనీయుండ్రి.

నేను ఇప్పుడు అవును గాలి ఉండె అంటే అయిపోతది. గంతే గదా? మీరు సంచి సర్దుకొని అయిదు గంటల బస్సుకు పోతరు. మా ఐలేశం మీ సముద్రమోళ్ల చేతిల అన్యాయమైపోయినోడుగనే ఉంటడు. నేను గుర్వమ్మగనే ఉంట. సాయంత్రం ఎవరో ఒకరు వస్తరు, అక్కా అర్జీ రాసియ్యి అని.

జానమ్మా! ఏ జానమ్మా, తొట్టి ఆడ వెట్టి ఇటు రా. రా బిడ్డా. ఈడ కూసో, నాకు ఎదురుంగ. పిల్లను ఒళ్లె వెట్టుకో. పండుకుంటె పండనీ. సార్, మీరు రాసుకోండ్రి, నేను ఆమెతోటి చెప్త.

ఆ దినం గాలి లేదు జానమ్మా. గొంగడి పోగు గూడ కదలలే. ఉక్కపోస్తుండె.

నాంచారయ్య అని కావలాయన ఉండె. నేను నీకు తాగుబోతని చెప్పిన సూడు, ఆయన. మొదాలు జెట్టీ కొసకెల్లి కేకేసిండు, పోటొస్తోంది, ఎక్కేయండీ అని. విన్న. పలకలే. రెండోసారి నా కాడికి నడిచొచ్చిండు. మూరెడు దూరం. "అమ్మా, పోటు తిరిగిందండీ, మీవాణ్ని ఎక్కిరమ్మనండి, ఆ కాలవ ముందు నిండుద్ది" అని చెయ్యి వెట్టి చూపిచ్చిండు. కాలువను చూపిచ్చిండు, జానమ్మా. ఏలు వెట్టి చూపిచ్చిండు.

నాకు ఆ మాట తెలువనిది గాదు. పోటు, ఆటు. బస్సుల నేను చదివిన పాఠంల ఉన్నది, సార్‌తోటి ఇందాక యాదికి లేదని చెప్పిన. ఉన్నది. ఆరు గంటలు నీళ్లు పోతయి, ఆరు గంటలు వస్తయి అని ఉన్నది. నేను ఒంటిగంటకు చూసిన నీళ్లు పోవుడు. ఆరు గంటలు లెక్కేసిన. ఏడు దాక ఫికర్ లేదు, మా బస్సు అయిదుకు. అంత మంచిగ లెక్కేసిన. మేం రాకముందు ఎప్పటిసందో నీళ్లు పోతనే ఉన్నయని నాకు తట్టలే. నేను వచ్చి చూసినప్పుడే సముద్రం మొదలైతదా? గట్ల అనుకున్న. నేను చూసినకాడికెల్లి లెక్క.

అది గూడ గాదు. లెక్క తప్పితె తప్పింది. ఆయన అంత దగ్గరికొచ్చి చెప్తుంటె, అనుమానం వచ్చింది నాకు. వచ్చింది. గని పంచె ఆయన చూస్తుండు. అందరు చూస్తుండ్రు. అప్పుడే భలేవాడన్నరు. ఇప్పుడు ఈ నిక్కరాయన చెప్పిండని మా వాణ్ని ఎక్కిరమ్మంటే, మల్ల నవ్వుతరు.

"మా చేపలు జూసి కండ్లు మండుతున్నయా? నాకు నేర్పుతవా సముద్రం సంగతి? నీకు అచ్చరం వస్తదా?" అన్న.

ఆయన తల దించుకున్నడు. "రాదమ్మా" అన్నడు. అని పోయి, సీటీ ఊదిండు. గట్టిగ. మూడు సార్లు.

అది విని ఐలేశం తలెత్తిండు. ఆగుండ్రి సార్, ఇది సక్కగ రాయుండ్రి, నేను అన్నది అన్నట్టే. వాడు తలెత్తి, "అక్కా, ఎక్కాల్నా?" అన్నడు. అప్పటికి కాలువల నీళ్లు మోకాళ్ల మీదికే. ఎక్కుతె ఎక్కెటోడే. "ఏం ఫికర్ లేదురా, ఏడు దాక టైమున్నది, పట్టు" అన్న నేను. వాడు సరే అన్నడు. నేను చదువుకున్నదాన్ని గదా. సరే అన్నడు.

నీ మొగడు ఎక్కుతనన్నడు జానమ్మా. నేను వద్దన్న.

ఆ రాత్రే బస్సుల, వాన్ని సీటు మీద పండవెట్టుకొని వస్తుంటె, అందరు అడిగిండ్రు ఎట్లాయె ఎట్లాయె అని. నోట్లకెల్లి మొదాలు కావలాయన పేరొచ్చింది. ఎట్లొచ్చిందో నాకెరుక లేదు. ఒక్కసారి వచ్చినంక ఇగ ఎనుకకు పోలే. ఫిబ్రవరిల కూసొని ముత్యాల అసుంటి అచ్చరాలతోటి మూడు పేజీలు రాసిన. రాస్తుంటె నిజమే అనిపిచ్చింది సార్. అది మీకు చెప్పినా సమజ్ గాదు. మంచిగ రాస్తె ఏదన్న నిజమే అనిపిస్తది.

జానమ్మా.

ఏమన్న అను. తిట్టు. లేస్తున్నవా? పిల్ల ఒళ్లెకెల్లి జారుతాంది, చూసుకో.

వద్దు సార్, పిలువకుండ్రి. పోనీయుండ్రి ఆమెను. ఆమె తల్లిగారి ఊరు ఈడికి నాలుగు కోసులే. పెద్ద కొడుకును పిలుస్తాంది, ఇనవడుతలేదా? పోతే పోతది. నేను పోవద్దని ఏ మొఖం పెట్టుకొని అంట? వాడు సచ్చినంక ఆమె నా మాట ఒక్కటే నమ్మి బతికింది. ఇగ ఆమె ఎట్ల బతుకుతదో ఆమె ఇష్టం.

మీరెందుకు ఆగిండ్రు? రాయుండ్రి. లేదు, ఇటియ్యుండ్రి, నేనే రాస్త. మీ రాత కోడి గెలికినట్టున్నది, పైనోళ్లకు సమజ్ గాకపోతే మల్ల ఇంకొకల్ల నౌకరి పోతది.

"కొత్తరేవు కావలికాడు నాంచారయ్య జెట్టీ మీదనే ఉన్నడు. తాగి లేడు. రెండు సార్లు చెప్పిండు, మూడు సార్లు సీటీ ఊదిండు. నాకు వినవడ్డది. నా తమ్ముణ్ని ఎక్కనియ్యంది నేను. నా అర్జీల రాసినవన్ని అబద్ధాలు. పద్దెనిమిది మంది చూడకుంట ఏలిముద్రలు ఏసిండ్రు, వాళ్ల తప్పు లేదు."

చాలా? ఇంకేమన్న ఉన్నదా సర్కారుకు?

సంతకం ఇగో. తారీఖు మీరు ఎయ్యకుండ్రి, నేనే ఏస్త. శుక్రారం, తొమ్మిదో తారీఖు, జూన్, పందొమ్మిది వందల అరవై ఒకటి.